నాన్నగారికి ఎఫ్317ఎల్ మ్యుటేషన్ వచ్చింది, డాసాటినిబ్ కాకుండా నిలోటినిబ్ ఎందుకు రాశారు?

మీరు చాలా వివరంగా రాశారు కాబట్టి ముందు నాకర్థమైంది రెండు ముక్కల్లో చెప్తా, ఎక్కడైనా తేడా ఉంటే సరిచేయండి. నాన్నగారికి 54 ఏళ్ళు, గుంటూరు పక్కన ఉంటారు, సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) అని తెలిసినప్పట్నుంచి ఇమాటినిబ్ మాత్ర 400 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు. బీసీఆర్-ఏబీఎల్, అంటే రక్తంలో జబ్బు ఎంత ఉందో చెప్పే అంకె, 0.06 శాతం దాకా దిగింది, తర్వాత 0.9 అయింది, మొన్న 14. డాక్టరుగారు మ్యుటేషన్ టెస్ట్ (జబ్బు జీన్‌లో మార్పు వచ్చిందేమో చూసేది) పంపిస్తే ఎఫ్317ఎల్ అని వచ్చింది, ఇమాటినిబ్ ఆపి నిలోటినిబ్ రాశారు. డల్లాస్‌లో ఉన్న మీ బావగారేమో వాళ్ళ ఆఫీసులో ఒకాయన డాసాటినిబ్ వాడి బ్రహ్మాండంగా ఉన్నాడు, అదే స్ట్రాంగ్ మందు, ఈ డాక్టర్ని మార్చేయండి అంటున్నారు. పైగా నాన్నగారికి షుగరు, నిలోటినిబ్ షుగర్ పెంచుతుందని నెట్లో చదివారు. చివర్లో పెద్దమ్మగారి సీఎల్ఎల్ (ఇంకో రకం రక్త క్యాన్సర్) సంగతి, మీ పిల్లలకి వస్తుందా అనే సంగతి కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే మీ డాక్టరుగారు చేసింది కరెక్ట్. ఎఫ్317ఎల్ ఉన్నవాళ్ళకి డాసాటినిబ్ సరిగ్గా పనిచేయదు, నిలోటినిబ్ పనిచేస్తుంది. బావగారి ఆఫీసు మనిషికి డాసాటినిబ్ పనిచేసింది నిజమే అయ్యుంటుంది, కాకపోతే ఆయన మ్యుటేషన్ వేరు, లేదా అసలు మ్యుటేషనే లేదు. సీఎంఎల్ మందుల్లో ఒకటి చిన్నది ఒకటి పెద్దది అని మెట్లు కట్టి చూడటం దగ్గరే చాలామంది లెక్క తప్పుతున్నారు. మ్యుటేషన్ రిపోర్టు ఏ మందు మంచిదో చెప్పదు, ఏ మందు దండగో చెప్తుంది. మిగిలిన వాటిలోంచి పేషెంట్ ఒళ్ళు చూసి, షుగరు గుండె ఊపిరితిత్తులు చూసి, జేబు కూడా చూసి ఒకటి ఎంచుకుంటాం.

నేను హెమటాలజిస్టుని, ఓపీలో రోజూ చూసే జబ్బుల్లో సీఎంఎల్ ఒకటి, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

అసలు జబ్బు ఎక్కడుందో ముందు తెలియాలి. 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క అటూ ఇటూ మారిపోయి బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జీన్లు అతుక్కుంటాయి. 1960లో ఫిలడెల్ఫియాలో ఆ పొట్టి క్రోమోజోమ్‌ని మొదట చూశారు, అది రెండు క్రోమోజోముల మధ్య మార్పిడి వల్ల వచ్చిందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు జీన్ తయారుచేసే ప్రోటీన్ ఆగకుండా పనిచేస్తూ తెల్లకణాల్ని పెంచుకుంటూ పోతుంది. అది పనిచేయాలంటే ఏటీపీ అనే అణువు దానిలోని ఒక గుంటలో కూర్చోవాలి. ఇమాటినిబ్ చేసేదల్లా ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు ముందే ఆ గుంటని ఆక్రమించడం. ఏటీపీకి చోటు దొరకదు, ప్రోటీన్ ఊరుకుంటుంది, కౌంట్ దిగుతుంది. 2001 మే నెలలో అమెరికాలో ఈ మందుకి అనుమతి వచ్చాకే సీఎంఎల్ అంటే రోజూ మాత్ర వేసుకుని బతికే జబ్బు అయింది, అంతకుముందు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, లేదంటే మజ్జ మార్పిడి.

ఇప్పుడు మ్యుటేషన్ అంటే ఆ సీటు ఆకారం కొద్దిగా మారడం. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల వరస కదా, 317వ స్థానంలో ఫినైల్‌అలనిన్ ఉండాల్సిన చోట ల్యూసిన్ వచ్చింది, దాన్నే ఎఫ్317ఎల్ అని రాస్తారు. మొదటి అక్షరం ఉండాల్సింది, చివరి అక్షరం వచ్చింది, మధ్యలోది స్థానం, అంతే. డాసాటినిబ్ ఆ గుంటలో కూర్చునేటప్పుడు సరిగ్గా ఆ 317 మీదే ఆనుకుంటుంది, అది మారిపోయేసరికి పట్టు జారుతుంది. నిలోటినిబ్ కూర్చునే తీరు వేరు, దానికి 317 అంత ముఖ్యం కాదు.

ఇదే లెక్కన మిగతావీ చెప్తా, ఎందుకంటే రేపు ఇంకెవరో ఇంకో నంబరుతో అడుగుతారు.

డాసాటినిబ్ వద్దు అనేవి: ఎఫ్317 దగ్గర వచ్చేవి (ఎల్, వీ, ఐ, సీ ఏదైనా), వీ299ఎల్, టీ315ఐ, టీ315ఏ. నిలోటినిబ్ వద్దు అనేవి: వై253హెచ్, ఈ255కే లేదా ఈ255వీ, ఎఫ్359 దగ్గర వచ్చేవి, మళ్ళీ టీ315ఐ. అంటే ఒకదానికి లొంగని మ్యుటేషన్లు చాలావరకు రెండోదానికి లొంగుతాయి, ఇది మన అదృష్టం. బొసుటినిబ్ అని ఇంకో మందు ఉంది, దానికి వీ299ఎల్, టీ315ఐ పడవు, జీ250ఈ ఉన్నా అనుమానమే. మీ నాన్నగారి ఎఫ్317ఎల్‌కి బొసుటినిబ్ వాడొచ్చా అంటే గైడ్‌లైన్లే ఒక మాట మీద లేవు, అమెరికా క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి ఎన్‌సీసీఎన్ వద్దంటుంది, యూరప్ వాళ్ళు అంత గట్టిగా చెప్పరు. నేనైతే నిలోటినిబ్ అందుబాటులో ఉండగా అటు పోను.

టీ315ఐ మాత్రం అన్నిటికంటే మొండిది. ఇమాటినిబ్, డాసాటినిబ్, నిలోటినిబ్, బొసుటినిబ్ నాలుగూ దాని ముందు బలాదూర్. దానికి పొనాటినిబ్ ఉంది, తర్వాత 2021లో అమెరికాలో అనుమతి వచ్చిన అసిమినిబ్ ఉంది, అదీ కాకపోతే మజ్జ మార్పిడి. అసిమినిబ్ తమాషా మందు, అది ఆ సీటు జోలికే పోదు, ప్రోటీన్‌లో మిరిస్టాయిల్ పాకెట్ అని ఇంకెక్కడో ఉన్న గుంటలో దూరి అక్కణ్ణించి ప్రోటీన్ని మూసేస్తుంది, అందుకే 315 మారినా దానికి పెద్దగా పట్టదు. పట్టదు అన్నానని మామూలు డోసు సరిపోతుందనుకోకండి, మామూలుగా రోజుకి 80 మిల్లీగ్రాములు ఇచ్చే మందుని టీ315ఐ ఉంటే 200 చొప్పున పూటకొకటి, రోజుకి రెండుసార్లు ఇవ్వాలి. అంటే అయిదు రెట్లు, ఖర్చు మీరే ఊహించుకోండి. దానికీ సొంత శత్రువులున్నాయి, ఏ337టీ, పీ465ఎస్ లాంటివి దాని గుంట దగ్గర వచ్చే మ్యుటేషన్లు, ఎఫ్359 దగ్గరవి వచ్చినా దాని పని తగ్గుతుంది. మ్యుటేషన్‌కి అతీతమైన మందు ఏదీ లేదు. పొనాటినిబ్ ఒక్కో మ్యుటేషన్ని విడివిడిగా దాదాపు అన్నిటినీ కొడుతుంది గానీ, ఒకే ప్రోటీన్ మీద రెండు మ్యుటేషన్లు కలిసొస్తే, ముఖ్యంగా అందులో ఒకటి టీ315ఐ అయితే, అది కూడా తడబడుతుంది. పైగా పొనాటినిబ్‌తో రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉంది, 2013లో అమెరికాలో కొన్నాళ్ళు అమ్మకం ఆపేసి మళ్ళీ షరతులతో వదిలారు. ఇప్పుడు 45తో మొదలుపెట్టి బీసీఆర్-ఏబీఎల్ 1 శాతం లోపు రాగానే 15కి దించేస్తున్నాం.

ఒక పేషెంట్ సంగతి చెప్తా. నల్గొండ వైపు ఆటో నడిపే మనిషి, ఇమాటినిబ్ మీద కౌంట్ పెరిగితే ఎక్కడో టెస్ట్ ఏమీ చేయకుండానే నిలోటినిబ్‌కి మార్చారు. నెలలు గడిచినా దిగలేదు, మా దగ్గరికొచ్చాక మ్యుటేషన్ పంపిస్తే వై253హెచ్. నిలోటినిబ్‌కి బద్ధ శత్రువు అది. డాసాటినిబ్‌కి మారిస్తే చకచకా దిగింది. తర్వాత ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది, డాసాటినిబ్‌తో అది మామూలే, కొన్నాళ్ళు ఆపి తక్కువ డోసులో మళ్ళీ మొదలుపెట్టాం, ఇప్పుడు బాగానే ఉన్నాడు. మందు మార్చేముందే మ్యుటేషన్ టెస్ట్ చేయాలి అని ఇంత గట్టిగా చెప్పేది ఇందుకే. మార్చాక చేస్తే కొత్త మందు ఏ కణాల్ని చంపిందో ఏ కణాల్ని వదిలేసిందో దాన్నిబట్టి బొమ్మ మారిపోతుంది, ముందు ఏముందో తెలియదు. మీ డాక్టరుగారు పాత మందు నడుస్తుండగానే శాంపిల్ తీయించారు, ఆ ఒక్క పని చాలు ఆయనకి విషయం తెలుసని చెప్పడానికి.

ఇక షుగర్ సంగతి, ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్న. నిలోటినిబ్ షుగర్ పెంచుతుంది, కొలెస్ట్రాల్ పెంచుతుంది, గుండె, కాళ్ళ రక్తనాళాల మీద కూడా ప్రభావం ఉంటుంది. నాన్నగారికి ఇదివరకు గుండెపోటు, స్టెంట్, పక్షవాతం, నడుస్తుంటే పిక్కలు పట్టేయడం లాంటివి ఉన్నాయేమో మీరు రాయలేదు. ఉంటే వెంటనే డాక్టరుకి చెప్పండి, అప్పుడు ఆలోచన మారుతుంది, ఎఫ్317ఎల్ ఉన్నా వాడగలిగేవాటిలో అసిమినిబ్ ముందుకొస్తుంది. అవేమీ లేకుండా షుగర్ ఒక్కటే ఉండి, మాత్రలతో కంట్రోల్లో ఉంటే నిలోటినిబ్ ఇవ్వొచ్చు, ఇస్తాం కూడా. మొదలుపెట్టేముందు హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్, లైపేజ్, పొటాషియం, మెగ్నీషియం, ఈసీజీ చూసుకోవాలి. వారం తర్వాత ఈసీజీ మళ్ళీ తీయాలి, ఎందుకంటే ఈ మందు ఈసీజీలో కనపడే క్యూటీ అనే వ్యవధిని పెంచుతుంది, అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. సిగరెట్ గానీ చుట్ట గానీ ఉంటే ఇవాళే మానేయించండి.

ఇంతకంటే ముఖ్యమైంది వేసుకునే పద్ధతి, దీన్ని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఇమాటినిబ్ అన్నం తిని వేసుకునే మందు, ఇన్నేళ్ళుగా నాన్నగారికి అదే అలవాటు. నిలోటినిబ్ దానికి పూర్తిగా రివర్స్. వేసుకునే ముందు రెండు గంటలు, వేసుకున్నాక ఒక గంట ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తప్ప. తిని వేసుకుంటే మందు రక్తంలోకి మరీ ఎక్కువగా ఎక్కేసి ఆ క్యూటీ సమస్య తెస్తుంది. రోజుకి రెండుసార్లు, దాదాపు పన్నెండు గంటల తేడాతో. మా పేషెంట్లకి నేను చెప్పే టైమింగ్ ఇది: పొద్దున ఆరింటికి లేవగానే మాత్రలు, ఏడు దాటాకే కాఫీ టిఫిను, షుగర్ మాత్ర ఆ టిఫిన్‌తో. సాయంత్రం నాలుగుకల్లా టీ బిస్కెట్ల పని అయిపోవాలి, ఆరింటికి మాత్రలు, ఏడు దాటాక భోజనం. పాలు పోసిన కాఫీ కూడా తిండి కిందే లెక్క, 'కాఫీయే కదా' అని ఇంట్లోవాళ్ళు పొద్దున్నే గ్లాసు చేతికిస్తారు, అమ్మగారికి కూడా చెప్పి పెట్టండి.

ఇంకోటి, మన ఊళ్ళల్లో కాస్త కడుపు ఉబ్బితే మెడికల్ షాపులో గ్యాస్ బిళ్ళ అడిగి వేసుకుంటారు. వాటిలో చాలావాటికి డోంపెరిడోన్ కలిసి ఉంటుంది, అది కూడా క్యూటీ పెంచే మందే. వాంతుల బిళ్ళ ఆన్‌డాన్‌సెట్రాన్, జలుబు చేస్తే ఆర్ఎంపీ ఇచ్చే అజిత్రోమైసిన్, ఇవన్నీ అంతే. విడిగా ఒకటి వేసుకుంటే ఏం కాకపోవచ్చు, నిలోటినిబ్ మీద వరసగా పడితే ప్రమాదం. ఆయన జేబులో 'నిలోటినిబ్ వాడుతున్నాను' అని చీటీ పెట్టండి, ఎవరు మందు రాసినా అది చూపించాలి.

ఇప్పుడు టెస్ట్ గురించి కొంచెం, ఎందుకంటే రిపోర్ట్ ఫోటో పంపించి 'ఇదేంటి సార్' అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

సీఎంఎల్ క్రానిక్ ఫేజ్‌లో (ఇంకా ముదరని దశలో) ఉన్నవాళ్ళకి జబ్బు తెలిసిన మొదటిరోజే ఏబీఎల్ మ్యుటేషన్ టెస్ట్ అవసరం లేదు, అప్పటికి దాదాపు ఏమీ కనపడదు, డబ్బు దండగ. మందు మీద లెక్క తప్పినప్పుడు చేయాలి. ఆ లెక్క ఇది: బీసీఆర్-ఏబీఎల్ మూడు నెలలకి 10 శాతం లోపు, ఆరు నెలలకి 1 లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలి. ఏడాదికీ 1 శాతం పైనే ఉన్నా, ఒకసారి దిగి మళ్ళీ 1 దాటినా ఆ మందు ఓడిపోయినట్టే. నాన్నగారికి 0.9 వచ్చినప్పుడే కొంచెం గంట మోగింది, 14కి ఇంక సందేహమే లేదు. అయితే ఈ అంకెలన్నీ ఇంటర్నేషనల్ స్కేల్ (అన్ని ల్యాబులకీ ఒకే కొలబద్ద) మీద ఉండాలి, రిపోర్టులో 'ఐఎస్' అని ఉందో లేదో చూడండి. ఒకసారి ఒక ల్యాబు, ఇంకోసారి తక్కువకి చేస్తారని ఇంకో ల్యాబు, అలా మారుస్తుంటే పెరిగిందో తగ్గిందో దేవుడికే తెలియాలి.

శాంపిల్ ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీస్తారు. ఇందులో వెతికేది ఆర్ఎన్ఏ, అది ఎండకి, ఆలస్యానికి ఇట్టే పాడైపోతుంది. శనివారం సాయంత్రం ఏదో ఊళ్ళో రక్తం తీసి సోమవారం దాకా కౌంటర్లో పెట్టి మంగళవారం కొరియర్ చేస్తే ఇంక అందులో చదవడానికి ఏముంటుంది. వారం మొదట్లో తీయించి, వీలైనంతవరకు మర్నాటికల్లా ల్యాబుకి చేరేలా చూసుకోవాలి. అలాగే బీసీఆర్-ఏబీఎల్ మరీ తక్కువ, 0.1 లోపు ఉన్నప్పుడు మ్యుటేషన్ టెస్ట్ పంపినా సాధారణంగా చదవలేరు, చదివేంత సరుకు ఉండదు.

టెస్టుల్లో రెండు రకాలు. పాతది శాంగర్, మ్యుటేషన్ ఉన్న కణాలు ఓ 15-20 శాతం ఉంటేనే దానికి కనపడుతుంది. కొత్తది ఎన్‌జీఎస్, అది 3 శాతం ఉన్నా పట్టేస్తుంది. మీ రిపోర్ట్ శాంగర్ అని రాశారు, అందులోనే ఎఫ్317ఎల్ వచ్చిందంటే అది గణనీయంగా ఉన్నట్టే, మళ్ళీ ఎన్‌జీఎస్ చేయించి డబ్బులు పోసుకోనక్కర్లేదు. శాంగర్‌లో ఏమీ రాకపోతే, అనుమానం మాత్రం గట్టిగా ఉంటే, అప్పుడు ఎన్‌జీఎస్.

రిపోర్టులో ఏది కనపడినా కంగారు పడొద్దు. కే247ఆర్ అని ఒకటి వస్తుంటుంది, అది కొంతమందికి పుట్టుకతో ఉండే తేడా, దానికీ మందు పనిచేయకపోవడానికీ సంబంధం లేదు. 35 బేస్‌ల ఇన్సర్షన్ అని ఇంకోటి రాస్తారు, ఒకప్పుడు దాన్ని చూసి మందులు మార్చిన వాళ్ళున్నారు, తర్వాత అది రెసిస్టెన్స్ (మందుకి లొంగకపోవడం) కాదని తేలింది. ఈమధ్య పెద్ద ఎన్‌జీఎస్ ప్యానెళ్ళలో ఏఎస్ఎక్స్ఎల్1 లాంటి వేరే జీన్ల పేర్లు వస్తున్నాయి, అవి ఉంటే జబ్బు కొంచెం మొండిగా ఉండొచ్చని జాగ్రత్తగా చూస్తాం, కానీ ఏ మాత్ర ఇవ్వాలో వాటిని బట్టి తేల్చలేం.

మీరు అడక్కపోయినా ఒక మాట చెప్పాలి. మందు పనిచేయనివాళ్ళలో సగానికి పైగా మందికి ఈ టెస్టులో ఏ మ్యుటేషనూ దొరకదు. అప్పుడు మొదట చూడాల్సింది మాత్ర నిజంగా పొట్టలోకి వెళ్తోందా అని. లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి వాళ్ళు మాత్రల డబ్బా మూతలో చిప్ పెట్టి ఎన్నిసార్లు తెరిచారో లెక్కేశారు, 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇమాటినిబ్‌ని 80 శాతం లేదా అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్ళలో ఒక్కరికి కూడా 0.1 లోపు రాలేదు. 80 శాతం అంటే నెలకి ఆరు రోజులు మర్చిపోవడం, అంతే. మన దగ్గర మర్చిపోవడం కంటే, ఒళ్ళు బాగుంది కదా అని రోజు విడిచి రోజు వేసుకోవడం ఎక్కువ, దీక్ష పట్టి మానేసేవాళ్ళున్నారు, ఎవరో పసరు మందు ఇస్తామన్నారని ఆపేసేవాళ్ళున్నారు. కోప్పడితే చెప్పరు, మెల్లగా అడగాలి. ఖాళీ స్ట్రిప్పులు తెమ్మంటే నిజం బయటికొస్తుంది.

ఒకాయనకి ఇవేవీ కాదు, మాత్ర టంచనుగా వేసుకునేవారు, మ్యుటేషన్ లేదు, కౌంట్ మాత్రం ఎక్కుతోంది. తీరా చూస్తే టీబీకి మందులు మొదలెట్టారు, అందులో రిఫాంపిసిన్ ఉంది, అది కాలేయాన్ని ఉసిగొల్పి ఇమాటినిబ్‌ని వచ్చింది వచ్చినట్టు కరిగించేస్తుంది. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ కూడా అంతే. నాన్నగారికి మ్యుటేషన్ దొరికింది కాబట్టి కారణం తెలిసింది, అయినా కొత్త మందు మొదలెట్టేముందు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

మ్యుటేషన్ వచ్చిందంటే జబ్బు ముదిరిందా అని భయపడుతున్నారు. రెండూ ఒకటి కాదు. ముదిరిందో లేదో చెప్పేది సీబీసీలో బ్లాస్టులు (ఎదగని పచ్చి కణాలు), బేసోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు), ప్లీహం సైజు, బోన్ మారో, అందులో క్రోమోజోముల పరీక్ష. మందు ఓడిపోయినప్పుడు మారో ఒకసారి చూడటం మంచిది, మీరు రాసినదాంట్లో ఆ మాట లేదు, చేశారేమో అడగండి. అన్నీ క్రానిక్ ఫేజ్‌లోనే ఉంటే కంగారేం లేదు.

డబ్బు సంగతి. ఇమాటినిబ్‌కి ఒకప్పుడు కంపెనీ బ్రాండు నెలకి లక్ష పైనే ఉండేది, హైదరాబాద్ కంపెనీ నాట్కో 2003లో వీనాట్ పేరుతో జెనరిక్ తెచ్చింది. అసలు బ్రాండు కంపెనీ నోవార్టిస్ పేటెంట్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2013 ఏప్రిల్ 1న కొట్టేశారు. ఆ పోరాటం లేకపోతే మన జిల్లాల్లో ఎంతమంది ఇవాళ ఉండేవాళ్ళు కాదో నాకు తెలుసు. డాసాటినిబ్, నిలోటినిబ్‌కి కూడా ఇప్పుడు ఇక్కడ జెనరిక్స్ ఉన్నాయి, కాబట్టి నిలోటినిబ్ మీ చేయి దాటిపోయే మందు కాదు. ఆరోగ్యశ్రీలో ఏది ఎంతవరకు వస్తుందో మీ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి, బయట ఎవరో చెప్పింది నమ్మి మందు ఆపేసి ఎదురుచూడొద్దు. పొనాటినిబ్, అసిమినిబ్ దగ్గరే అసలు ఇబ్బంది. టీ315ఐ వచ్చిన పడుచు పేషెంట్లకి, ఇంట్లో మజ్జ సరిపోయే అన్నో చెల్లో ఉంటే, ట్రాన్స్‌ప్లాంట్ గురించి నేను ఇప్పటికీ మొదట్లోనే మాట్లాడతా. జీవితాంతం ఖరీదైన మందు కొనలేక మధ్యలో ఆపడం కంటే అది మేలని నా అభిప్రాయం. దీంతో ఒప్పుకోని డాక్టర్లూ ఉన్నారు.

పెద్దమ్మగారి సీఎల్ఎల్ వేరే జబ్బు. పేరులో క్రానిక్ లుకేమియా ఉన్నంత మాత్రాన ఇదే టెస్ట్ చేయించకండి, అందులో బీసీఆర్-ఏబీఎల్ ఉండదు. అక్కడ పద్ధతి తిరగేసి ఉంటుంది, సీఎంఎల్‌లో మందు ఓడిపోయాక మ్యుటేషన్ చూస్తాం, సీఎల్ఎల్‌లో మందు మొదలుపెట్టే ముందే చూడాలి. ఫిష్ అనే క్రోమోజోముల టెస్టులో 17పీ డిలీషన్ (17వ క్రోమోజోమ్ ముక్క పోవడం), సీక్వెన్సింగ్‌లో టీపీ53 అనే జీన్ మ్యుటేషన్, ఇవి రెండూ ముఖ్యం. వీటిలో ఏ ఒక్కటున్నా ఎఫ్‌సీఆర్ లాంటి పాత కీమో పెట్టకూడదు, పనిచేయదు, ఒళ్ళు గుల్లవుతుంది. ఇబ్రుటినిబ్, అకాలాబ్రుటినిబ్, జానుబ్రుటినిబ్ లాంటి, బీటీకే అనే ప్రోటీన్ని ఆపే మందులు గానీ వెనెటోక్లాక్స్ గానీ ఇస్తాం. ఐజీహెచ్‌వీ అని ఇంకో టెస్ట్, అది జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు, మారదు. టీపీ53 మాత్రం మారొచ్చు కాబట్టి ప్రతి కొత్త ట్రీట్‌మెంట్ ముందూ మళ్ళీ చూడాలి. అక్కడా మందుకి తగ్గ మ్యుటేషన్లు పుడతాయి, ఇబ్రుటినిబ్ వాడగా బీటీకేలో సీ481ఎస్ వస్తే ఆ అతుక్కునే రకం మూడు మందులూ పోతాయి, పిర్టోబ్రుటినిబ్ ఆ చోట అతుక్కోనక్కర్లేకుండా పనిచేస్తుంది. వెనెటోక్లాక్స్ వాడగా అది గురిపెట్టే బీసీఎల్2 ప్రోటీన్‌లో జీ101వీ రావచ్చు. అయితే పెద్దమ్మగారికి కౌంట్ ఎక్కువుందన్న మాటే తప్ప నీరసం, గడ్డలు, రక్తం తగ్గడం ఏమీ లేవని రాశారు, అలాంటప్పుడు చాలామందికి అసలు మందే అవసరం లేదు, ఊరికే చూస్తూ ఉంటాం. మందు మొదలెట్టాల్సిన రోజు వచ్చినప్పుడు ఈ టెస్టులు చేయిస్తే సరిపోతుంది.

మీ పిల్లలకి వస్తుందా అంటే, రాదు. ఎఫ్317ఎల్ గానీ బీసీఆర్-ఏబీఎల్ గానీ నాన్నగారి రక్తకణాల్లో మధ్యలో పుట్టినవి, ఆయన ఎవరికీ ఇచ్చేవి కావు. మీ ఇంట్లో ఎవరికీ ఈ టెస్ట్ అక్కర్లేదు. 'ఫ్యామిలీ స్క్రీనింగ్ ప్యాకేజీ' అని ఎవరైనా అమ్మజూపితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నిలోటినిబ్ మొదలైన మూడు నెలలకి, అదే ల్యాబులో, బీసీఆర్-ఏబీఎల్ మళ్ళీ చేయించండి. 14 నుంచి కనీసం 10 లోపుకి రావాలి, ఇంకా బాగా దిగితే మరీ మంచిది. దిగకపోతే మందు మార్చేముందు మ్యుటేషన్ మళ్ళీ పంపాలి, ఎందుకంటే ఈసారి దొరికేది ఎఫ్317ఎల్ కాకపోవచ్చు. ఈలోగా ఛాతీ నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, పొట్ట పైభాగంలో విపరీతమైన నొప్పి, వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. మూడు నెలల రిపోర్ట్ వచ్చాక ఇక్కడే పెట్టండి, పేరూ ఫోన్ నంబరూ చెరిపేసి.